అల్లుడి కోరలు, అత్తగారి పళ్లు

ఊరంతా ‘శనివారం దయ్యం’ అని పిలిచే ఆ పెద్దమనిషి, ఆ శనివారం పొద్దున్నే లేచి నున్నగా గడ్డం గీసుకుని, తన నల్ల అంగీకి తానే ఇస్త్రీ చేసుకున్నాడు. స్థానిక టీవీలో వారానికోసారి మధ్యాహ్నం మూడింటికి పాత నలుపు తెలుపు భయానక సినిమా వేస్తారు. లేచి నడిచే శవాలు, రక్తం తాగే దొరలు, వెన్నెల పడితే ఒళ్లంతా బొచ్చు మొలిచే మనుషులు. సినిమా మొదట్లో ఒకసారి, ఇంటర్వెల్లో ఒకసారి శవపేటికలోంచి లేచి, కోరలు చూపించి జనాన్ని హడలగొట్టడం ఇతడి ఉద్యోగం. హడలడం మాట దేవుడెరుగు, పిల్లలు ‘దయ్యం మామయ్యా, జలుబు తగ్గిందా?’ అని ఉత్తరాలు రాస్తున్నారు.

నిన్ననే డైరెక్టరు పిలిచి తేల్చేశాడు. "ఏమయ్యా, రేపు ఒక్కడైనా భయపడ్డాడని ఫోన్ రావాలి. లేదా, వచ్చే వారం నుంచి ఆ టైముకి కుట్లూ అల్లికలూ పెట్టేస్తాను." ఆ సినిమాలంటే ఇతడికి ప్రాణం. చిన్నప్పుడు వాటిని చూసి మంచం కింద దూరినవాడు. అందుకే ఈ రోజు కోరల్ని బ్రష్షుతో రుద్ది రుద్ది తళతళలాడించాడు.

ఇంట్లో అదే రోజు మరో హడావుడి. ముప్పై ఏళ్లు బడిలో హెడ్మిస్ట్రెస్‌గా చేసి రిటైరైన అత్తగారిని, ఆ బడివాళ్లే బహుమతుల సభకి ముఖ్య అతిథిగా పిలిచారు. ఆవిడకి పై పళ్లు కట్టుడు పళ్లు. ఎప్పుడూ వదులే, ఎప్పుడూ గుచ్చుకుంటాయి. అందుకని స్టేజీ ఎక్కేదాకా డబ్బాలోనే ఉంచి, మాట్లాడే ముందు చేతిరుమాలు అడ్డం పెట్టుకుని, చూడకుండానే నోట్లోకి తోసేస్తుంది. ఆ పళ్లూ ఈ కోరలూ చేసింది ఒకే డాక్టరు. రెంటికీ నీలం డబ్బాలే ఇచ్చాడు. బాత్రూం అలమరలో రెండూ పక్కపక్కన పెట్టొద్దని భార్య వంద సార్లు చెప్పింది.

స్టూడియోలో మొహానికి సున్నంలా తెల్లరంగు పూసుకుని, ఇంకో నిమిషంలో ప్రోగ్రామ్ అనగా దయ్యం డబ్బా తెరిచాడు. గులాబీ రంగు చిగుళ్లతో సహా అత్తగారి పళ్లు అతడిని చూసి ఇకిలించాయి. చేసేదేముంది? నోరు బిగించుకుని శవపేటికలోంచి లేచి, "మ్మ్... మయపడండి" అని మూలిగి మళ్లీ పడుకున్నాడు. సినిమా మొదలైంది. అవతల అద్దం వెనక డైరెక్టరు నెత్తి కొట్టుకోవడం స్పష్టంగా కనిపించింది.

ఆదరాబాదరాగా ఇంటికి ఫోన్ చేశాడు. "ఏమోయ్! అలమరలో ఇంకో డబ్బా ఉందా?"

"అమ్మ పట్టుకెళ్లింది కదండీ. ఏమైంది?"

"ఆవిడ పట్టుకెళ్లింది నా కోరలు!"

"అయ్యో అయ్యో! అమ్మ చూసి పెట్టుకోదండీ! మూడున్నరకి ఉపన్యాసం!"

అప్పటికి మూడుంపావు. బడి నాలుగు వీధుల అవతల. ఇంటర్వెల్ మూడూముప్పావుకి. దయ్యం ఎవరికీ చెప్పకుండా, ఆ రంగుతోనే, ఆ అంగీతోనే రోడ్డున పడి పరుగెత్తాడు. మంగలి షాపులోంచి కేక వచ్చింది. "దయ్యంగారూ, జుట్టు బాగా పెరిగింది, వచ్చి కూర్చోండి!" ఓ తల్లి చంటిదానికి అన్నం పెడుతూ, "అదుగో బూచాడు!" అని చూపించింది. చంటిది కేరింతలు కొట్టి ఇంకో ముద్ద అడిగింది. ఆ తొందరలో కూడా అతడి మనసు చివుక్కుమంది.

గేటు దగ్గర వాచ్‌మన్ ఆపాడు. "మ్యాజిక్ వాళ్లు వెనక తలుపులోంచి రావాలి."

"బాబ్బాబు, నేను మ్యాజిక్ కాదు, అల్లుణ్ని! ముందు నుంచి పోనీ!"

"అందరూ అదే అంటారు," అని వాచ్‌మన్ రెక్క పుచ్చుకుని బడి చుట్టూ తిప్పి, వెనకనుంచి స్టేజీ పక్కకి తోశాడు.

హాలు సంతలా ఉంది. నాలుగొందల మంది పిల్లలు ఒకటే గోల. కొత్త హెడ్మిస్ట్రెస్ మైకు మీద టకటకా కొట్టి కొట్టి అలిసిపోయింది. అత్తగారు లేచి నిలబడి, చేతిరుమాలు అడ్డం పెట్టుకుంది.

"అత్తయ్యా! వద్దు! ఆగండి!" అంటూ అల్లుడు డబ్బా ఎత్తిపట్టుకుని స్టేజీ మీదికి దూకాడు. "దయ్యం మామయ్యోయ్!" అని పిల్లలు బెంచీలెక్కి ఈలలు వేశారు. గోల రెట్టింపైంది.

అత్తగారు చేతిరుమాలు తీసింది. "నిశ్శబ్దం!"

రెండు కోరలు, అంగుళం పొడుగువి, లైట్ల కింద తళుక్కుమన్నాయి. నాలుగొందల మంది చేతులు కట్టుకుని కూర్చున్నారు. ముందు వరుసలోని విద్యాధికారి కూడా కట్టుకున్నాడు. క్రమశిక్షణ మీద ఆవిడ ఇరవై నిమిషాలు మాట్లాడితే ఒక్కరూ దగ్గలేదు. చివర్లో ఆవిడ ఆప్యాయంగా నవ్వింది. మొదటి వరుస మొత్తం రెండో వరుస ఒళ్లోకి వెళ్లిపోయింది.

కిందికి దిగుతూ, "ఈసారి పళ్లు ఎంత బాగా కుదిరాయో అల్లుడూ!" అంది. అతడు మ్యాజిక్ వాళ్ల బల్ల మీది అద్దం తీసి చేతికిచ్చాడు. ఆవిడ అటు తిప్పి ఇటు తిప్పి చూసుకుంది. "ఇవి లేక ముప్పై ఏళ్లు గొంతు చించుకున్నాను," అని నిట్టూర్చింది.

గోడ గడియారం నాలుగు చూపిస్తోంది. ఇంటర్వెల్ దాటిపోయింది. ఇంకేం ఉద్యోగం, ఇంకేం సినిమాలు! కాళ్లీడ్చుకుంటూ స్టూడియోకి చేరేసరికి, డైరెక్టరు రెండు చెవులకీ రెండు ఫోన్లు పెట్టుకుని గంతులేస్తున్నాడు. ఇంటర్వెల్లో శవపేటిక తెరిస్తే ఖాళీగా ఉందట. దిక్కు తోచక, సాయంత్రం వార్తల కోసం బడికి పంపిన కెమెరాని నేరుగా టీవీకి కలిపేశారట. ఊరంతా హడలిపోయి ఒకటే ఫోన్లు.

"ఎవరయ్యా ఆవిడ?"

"మా అత్తగారండీ."

"ఇలాంటి మనిషిని ఇంట్లో పెట్టుకుని ఇన్నాళ్లూ దాచావా?"

మరుసటి శనివారం నుంచి శవపేటికలోంచి అత్తగారు లేస్తున్నారు. సినిమాలు నిలబడ్డాయి, కుట్లూ అల్లికలూ వాయిదా పడ్డాయి. పేటిక మూత తీసే పని అల్లుడిది. అతడి మొహంలో భయం ఇప్పుడు చాలా సహజంగా ఉంటోందని ఊరంతా మెచ్చుకుంటోంది.