టెంకాయ కొట్టిన ఇమేజ్

రాయలసీమలో ఇక ఒక్క సమస్య కూడా మిగల్లేదని కర్నూలు ఈ-తపాలా విభాగం సిస్టమ్స్ ఆఫీసరు మారెన్న ఒక సోమవారం ఉదయం టీ తాగుతూ కనిపెట్టాడు.

తెర మీద పెండింగ్ అర్జీల గడిలో సున్నా ఉంది. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు. సున్నా ఇంకా స్పష్టంగా కనిపించింది. మారెన్న టీ గ్లాసు కింద పెట్టేశాడు. ఎందుకంటే ఆ అర్జీల్లో ఒకటి అతనిదే. ఇంటి ముందు తెరిచి ఉన్న మురుగుకాలువ గురించి తన ఆఫీసుకు తనే పెట్టుకున్నాడు. ఆ పొద్దున కూడా ఆ కాలువను దూకి డ్యూటీకి వచ్చాడు.

అర్జీ తెరిచాడు. కింద జవాబు ఉంది: "మీ సమస్య పరిష్కారమైనది. ధన్యవాదాలు."

ప్రభుత్వం తనంతట తానుగా ధన్యవాదాలు చెప్పిందంటే ఎక్కడో ఘోరం జరిగిందన్నమాటే.

అంతలో విశ్వాసమ్మ లోపలికి వచ్చింది. ఆమెది బేతంచెర్ల అవతల ఒక కాలనీ. ఆమె చేతిలో సీసా, సీసాలో పాలలాంటి తెల్లటి నీళ్లు. బండలు పాలిష్ పట్టిన నీళ్లు తమ బోరులోకి దిగుతున్నాయని ఆమె ఎప్పుడో అర్జీ పెట్టింది. అప్పటి నుంచి కాలనీకి మంచినీళ్ల ట్యాంకరు వస్తూ ఉండేది. పోయిన వారం అది ఆగిపోయింది. ఎందుకప్పా అని అడిగితే డ్రైవరు ఫోన్ తీసి, సమస్య పరిష్కారమైనట్టు వచ్చిన మెయిల్ చూపించాడట. కాలనీలో పిల్లలు ఆ తెల్ల నీళ్లే తాగుతున్నారు.

"పరిష్కారం మా ఇంటికైతే రాల్యా నాయనా," అందామె, సీసా బల్ల మీద పెట్టి. "దావ తప్పి నీ కాడికేమన్నా వచ్చిందేమో చూసి పోదామని వచ్చినా."

మారెన్న బల్ల కింద కూడా చూశాడు. అక్కడా లేదు.

తీరిపోయిన అర్జీని తిరిగి తెరవడం అతని చేతిలో పని కాదు. మంత్రి వీరభద్రగారి ఉత్తర్వు చాలా స్పష్టంగా ఉంది. పరిష్కారం తప్పని ఎవరైనా అంటే, ఆ తప్పు చేసినవాడు నలుగురి ముందు తన నోటితో ఒప్పుకోవాలి. అంతదాకా ట్యాంకరు కదలదు.

కాబట్టి మారెన్న అపరాధ పరిశోధనకు దిగాడు. మొదటి అనుమానం తన మీదే వచ్చింది. కానీ యంత్రంలో ఇంత పెద్ద తప్పు చేయాలంటే యంత్రం గురించి ఎంతోకొంత తెలిసి ఉండాలి. అందుచేత తనను నిర్దోషిగా వదిలేశాడు.

మిగిలింది కాంట్రాక్టు ఇంజినీరు మహిమ. ఈ పథకం పుట్టింది ఆమె నోట్లోంచే.

అంతకుముందు ఒక మండలంలో అర్జీలు అందుకునే మెయిల్ సర్వర్ పెట్టాలంటే పెట్టె కొనాలి, లారీకెత్తాలి, వెనకాల ఇంజినీరు పోవాలి. అది పని మొదలుపెట్టేసరికి తహసీల్దారు బదిలీ అయిపోయేవాడు. పెట్టెలే వద్దంది మహిమ. కర్నూలులో ఒక్క పెద్ద కంప్యూటర్ చాలు, దాని లోపలే మండలానికొక వర్చువల్ మెషిన్, అంటే విడిగా పెట్టె లేని యంత్రం, పెట్టొచ్చంది.

"ఒకే ఇంట్లో పది కాపురాలు సార్. ఒకరి పొయ్యి ఆరిపోయినా పక్కోళ్ల అన్నం ఉడుకుతానే ఉంటాది. ఒక మెయిల్ సర్వర్ను బాగా తయారుచేసి దాని ఇమేజ్ తీసుకుంటే, అన్ని మండలాలకూ అదే కాపీ. పేరు మార్చుకుంటే సరి."

మారెన్నకు ఇది వెంటనే అర్థమైంది. తనూ అలాంటివాడే. కుర్చీలో ఉన్నట్టే కనిపిస్తాడు, పని మాత్రం వేరెక్కడో జరుగుతుంది.

మంత్రిగారికి అందులో ఒక్క మాటే వినిపించింది. "ఇమేజా? నాదేనా?" అన్నారు. మర్నాడు అన్ని పత్రికల్లో ఆయన ప్రకటన వచ్చింది: ఇంతవరకు ప్రభుత్వాలు ఉన్న యంత్రాలతో పని చేయించలేకపోయాయి, మేము లేని యంత్రంతో చేయిస్తాం.

లేని యంత్రానికి టెంకాయ ఎక్కడ కొట్టాలన్నది తర్వాతి చిక్కు. ఆఫీసు ముందు బేతంచెర్ల బండలతో నున్నటి అరుగు కట్టించి, దాని మీద ఏమీ పెట్టలేదు. మంత్రిగారు ఆ ఏమీలేనిదానికి టెంకాయ కొట్టి దండ వేశారు. దండ నిలవలేదు. ఇద్దరు గన్‌మెన్ చెరో వైపు నిలబడి పట్టుకున్నారు. ఆ ఫోటో చాలా బాగా వచ్చింది.

"ఆ పొద్దు కెమెరాల ముందర జవాబు చిటికెలో రావాలన్నారు సార్," అంది మహిమ, ఇప్పుడు మారెన్న పిలిచి అడిగితే. "అందుకే ప్రదర్శనకని ఒకటి వేరే చేసినాను. ఏ అర్జీ వచ్చినా అది ఒకే జవాబు ఇస్తాది. మండలాలకు పెట్టాల్సిన మంచి మెషిన్ పక్కనే ఉండాది."

"మరి దాని ఇమేజే తీయొచ్చు కదమ్మా?"

"దానికి పూజ కాలేదన్నారు సార్. పూజ కానిదాన్ని ఊళ్లకు పంపితే అరిష్టమంట. టెంకాయ కొట్టినదాన్నే కాపీ తీయమన్నారు."

"ఎవరు?"

మహిమ గోడ వైపు చూసింది. గోడ మీద మంత్రిగారి ఫోటో తప్ప మరేమీ లేదు. అర్థం కానట్టు కనిపించడానికి మారెన్న సర్వీసులో తొలిసారి కష్టపడాల్సి వచ్చింది.

ఇప్పుడు ప్రతి మండలంలోనూ ఆ ప్రదర్శన యంత్రమే కూర్చుని ఉంది. జనం అర్జీలు అయిపోయాక అవి ఒకదానికొకటి జవాబులు ఇచ్చుకోవడం మొదలుపెట్టాయి. సమస్య తీరిందని బేతంచెర్ల ఎర్రగుంట్లకు చెబుతోంది. తీరిందని ఎర్రగుంట్ల బేతంచెర్లకు చెబుతోంది. రెండూ ధన్యవాదాలు చెప్పుకుంటున్నాయి.

"నేను ఒప్పుకుంటే ట్యాంకరు వస్తాదంటే ఒప్పుకుంటా సార్. ఉద్యోగం పోతే పోనీ," అంది మహిమ.

మారెన్నకు ఆ క్షణంలో సిగ్గు వేసింది. అలవాటు లేక, మొదట దాన్ని ఆకలి అనుకున్నాడు. తర్వాత తేరుకుని, ఆ మాట ఎవరితోనూ అనొద్దని ఆమెకు చెప్పాడు. విశ్వాసమ్మను గురువారం రమ్మన్నాడు. ట్యాంకరు డ్రైవరును కూడా వెంటబెట్టుకుని రమ్మన్నాడు.

గురువారం ఆ అరుగు మీదే 'సున్నా సమస్యల సభ' జరిగింది. మంత్రిగారు మధ్యలో కూర్చున్నారు. ముందు వరసలో సీసా పట్టుకుని విశ్వాసమ్మ, పక్కన ట్యాంకరు తాళంచెవి పట్టుకుని డ్రైవరు, వాళ్ల వెనక విలేకరులు. మహిమ, మారెన్న చెప్పినట్టే, ఫోన్లో రికార్డింగు పెట్టుకుని ఓ పక్కన నిలబడింది.

మారెన్న మైకు అందుకున్నాడు. సమస్యలే లేని సీమను చూసే భాగ్యం తన కళ్లకు దక్కిందన్నాడు. ఈ మహత్కార్యమంతా ఒక్కరి బుర్రలో పుట్టిందన్నాడు. ఏ ఇమేజ్ తీయాలో, ఏ జవాబు పంపాలో నిర్ణయించిన ఆ ఒక్కరూ మన కాంట్రాక్టు ఇంజినీరు మహిమేనని, శాలువా ఆమెకే కప్పాలని సభను కోరాడు.

చప్పట్లు మొదలయ్యాయి. మంత్రిగారి ముఖం మాడిన దోసెలా అయింది. లేచి వచ్చి మారెన్న చేతిలో మైకు లాక్కున్నారు.

"ఆగప్పా మారెన్నా. ఆ పాపకేం తెలుసు? ఆయమ్మి వేరే మిషను పెడదామనింది. టెంకాయ కొట్టినదాన్నే కాపీ తీయమని పట్టుబట్టింది నేను. ఏ అర్జీ వచ్చినా సరే, చదవకుండానే తీరిపోయిందని జవాబు పంపమనింది నేను. దీంట్లో ఇంగెవురి చెయ్యీ ల్యా. అందరూ బాగా వినండి, రాసుకోండి. ఈ సున్నా నాది."