కట్టెలే శుభ్రమని తేల్చాను

ఇళ్లలో మండించే వాటన్నిటిలోకీ శుభ్రమైనది కట్టె. గ్యాస్ కాదు, కిరోసిన్ అసలే కాదు. నవ్వకండి! నేను గాలిమాటలు చెప్పే మనిషిని కాను. ఆదివారం పొద్దున్నే కళ్లజోడు తుడుచుకుని, స్వయంగా పరీక్ష చేసి తేల్చాను.

మా ఇంట్లో మూడు పొయ్యిలున్నాయి. టీకి గ్యాస్, వేణ్నీళ్లకి కిరోసిన్ స్టవ్, అన్నం కూరలకి వెనక వసారాలో కట్టెల పొయ్యి. దేని గిన్నెలు దానివే. గిన్నె అడుగున ఏది ఎక్కువ మసి పెడితే అదే మురికిది. సైన్స్ అంటే ఇంతకన్నా ఏముంటుంది? అలమరలోంచి మూడు గిన్నెలూ తీసి బోర్లించాను.

గ్యాస్ గిన్నెకి మరకలు. కిరోసిన్ గిన్నెకి నల్లటి చార. కట్టెల పొయ్యి గిన్నెకో? అందులో మొహం చూసుకుని మీసం దువ్వుకున్నానంటే నమ్మండి!

రిపోర్టు రాసుకుంటుంటే మా ఆవిడ దగ్గుకుంటూ వచ్చింది. "దానికి రోజూ అడుగున తడిమట్టి పూసి పొయ్యెక్కిస్తాను. దించాక అరగంట తోముతాను. ఇక ఆ గ్యాస్ గిన్నె తోమే ఓపిక నాకెక్కడేడిసింది?" అంది.

పరిశోధకుడన్నవాడు ఇలాంటి చిల్లర వివరాలు పట్టించుకోకూడదు. నేను పట్టించుకోలేదు.

అసలు పొగ వల్ల లాభాలు ఒకటా రెండా? దోమలు మా గడప తొక్కవు. చుట్టాలూ అంతే. మా బావమరిది నాలుగు రోజులుంటానని వచ్చి, బ్యాగు విప్పకుండానే కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోయాడు. మా అనుబంధానికి కరిగిపోయాడని వీధంతా అనుకున్నారు!

అన్నిటికన్నా పెద్ద లాభం ఇంకోటుంది. మా ఆవిడ కళ్లు ఎప్పుడూ ఎర్రగానే ఉంటాయి. ఎందుకేడుస్తున్నావని ఇన్నేళ్లలో ఒక్కసారైనా అడగాల్సిన పని పడలేదు. గ్యాస్ మీద వండించుకునే మొగుళ్లకి ఈ సుఖం ఉందా? పెళ్లాం కంట నీరు కనబడితే పాపం, ఏం తప్పు చేశామా అని వెతుక్కోవాలి!

"ఇంకో సిలిండర్ తెప్పించండి, వంట కూడా దానిమీదే కానిస్తాను" అని ఏడాదిగా ఆవిడ పోరు. గ్యాస్ మీద ఉడికిన కూర నా నాలుక్కి ఎక్కదని ఎన్నిసార్లు చెప్పాలి?

పోయిన వారం మా ఆవిడకి దగ్గు మరీ ఎక్కువైతే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. డాక్టరమ్మ ఎక్స్‌రేని వెలుతురుకి ఎత్తి చాలాసేపు చూసింది. తర్వాత నా వైపు తిరిగి, "ఇంట్లో పొగ తాగేదెవరు?" అని అడిగింది.

నేను ఛాతీ విరుచుకున్నాను. "నాకు ఏ దురలవాటూ లేదండీ. సిగరెట్టు ముట్టి ఎరగను!"

"నేనేనండీ," అంది మా ఆవిడ. "పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు."

"ఎన్నేళ్లుగా?"

"పెళ్లయినప్పటినుంచీ. మానేద్దామనే ఉందండీ, ఈయనే మాననివ్వడం లేదు."