పరుపులక్క స్టూలు సాధించిన వైనము

వినుడు, కాళ్లు పీకు సమస్త ఉద్యోగిజనులారా! చండభానుడు నడినెత్తికెక్కి, ఫ్యాన్లు నత్తనడక నడచుచున్న ఒకానొక మంగళవారమున, నలుబది పరుపులు పాలసముద్రతరంగములవలె పరచియున్న మహావిక్రయశాలయందు, పదకొండేండ్లుగా నిలుచుండియే పరుపులమ్ముచున్న వీరవనిత యొకతె కలదు. ఆమెను లోకులు పరుపులక్క యందురు. “ఒక్కసారి కూర్చుని చూడండమ్మా, ఎంత హాయిగా ఉంటుందో!” అని దినమునకు నూరుమార్లు పలుకు ఆ తల్లికి మాత్రము కూర్చుండు హక్కు లేదు. కొన వచ్చినవారి కంటికి సిబ్బంది కూర్చుండి కనబడరాదని ఆ కొట్టు కట్టడి.

నెలనాళ్లుగా ఆమె కుడిమడమ తిరుగుబాటు చేసియున్నది. అడుగు వేసిన ప్రాణము జివ్వుమనుచున్నది. ఈ వారమును ఇట్లే గడచినచో ఉద్యోగమునకొక దండము పెట్టి ఇంటికి పోవలసినదే!

అంతట మెడలో కొలతటేపుహారభూషితుడు, కసురుకొనుటయందు అసమానుడు అగు మేనేజరు విచ్చేసి గోడకొక పోస్టరు అతికించెను. దినమంతయు కుర్చీల నంటిపెట్టుకొని యుండు హెడ్డాఫీసువారు, లోకమంతయు తమవలెనే కూర్చున్నదని తలపోసి పంపిన ఆజ్ఞ యది: ‘మీ ఆరోగ్యమే మా బలం. అదేపనిగా కూర్చోకండి. గంటకోసారి లేవండి. లేస్తున్న ఫొటో ప్రతి గంటకూ పంపండి.’

“అక్కా, లే. ఫొటో తీస్తా.”

“లేచే ఉన్నాను కదండీ, పదకొండేళ్ల నుంచి.”

“అబ్బా! లేస్తున్నట్టు కనబడాలి.”

అప్పుడా నిరంతరస్థాయిని, ఆ మడమబాధ నోర్చిన ధీరురాలు, కొంగు బిగించి, నలుబది పరుపులు దద్దరిల్ల గర్జించెను:

“లేవాలంటే ముందు కూర్చోవాలి సార్! గాల్లో కూర్చోమంటారా? పరుపు మీద కూర్చుంటే నలిగిందని మీరే తిడతారు. హెడ్డాఫీసు మాట వద్దంటే చెప్పండి, నాకేం!”

మేనేజరు తల గోకికొని లోనికేగి, బల్బులు మార్చుట కెక్కు ఎర్ర ప్లాస్టిక్ స్టూలును మోసికొని వచ్చెను. స్టూలు కుంటికాలి క్రింద అట్టముక్క దోపి పరుపులక్క ఆసీనురాలయ్యెను. ఆహా, మడమ నేలభారము వీడిన ఆ క్షణమున ఆమె కన్నులు చెమ్మగిల్లెను. లేచెను. ఫొటో పడెను.

“అయింది కదా, స్టూలు ఇటివ్వు.”

“మళ్లీ గంటకి లేవాలి కదండీ,” అని ఆమె మరల చతికిలబడెను. మేనేజరు పోస్టరును రెండుమార్లు చదివి, నిట్టూర్చి, వెనుదిరిగెను.

ఇట్లు పదకొండేండ్ల మహాసంగ్రామమున ఒక ఎర్ర స్టూలు జయింపబడెను! అంతలో ఎవరో పెద్దావిడ లోనికి వచ్చెను. పరుపులక్క కూర్చున్నచోటనుండియే చేయి చాచి పరుపు చూపెను.

“ఒక్కసారి కూర్చుని చూడండమ్మా, ఎంత హాయిగా ఉంటుందో!”

ఆ కొట్టులో ఆమె తానెరిగి ఆ మాట చెప్పుట అదియే మొదలు.