ఇంజనుకి మూడడుగుల నీళ్లు కావాలి!

పడవన్నాక ఇంజను బరువుగా ఉండాలి. పడవ మునిగినా ఫరవాలేదు, ఇంజను మాత్రం తేలిగ్గా ఉండకూడదు!

నవ్వకండి. చెన్నైలో, అందులోనూ చూలైలో, అందులోనూ మా సందులాంటి పల్లపు సందులో ఇరవై ఏళ్లుగా కాపురం ఉంటున్నవాడిగా ఈ మాట చెప్పే అర్హత నాకుంది. మీ వీధికి వాచ్‌మన్ ఉండొచ్చు, సీసీ కెమెరా ఉండొచ్చు. పడవ ఉందా? మాకుంది!

పెద్ద వరద వచ్చిన ఏడాది మా నివాసుల సంఘం కాశిమేడులో ఒక పాత ఫైబర్ పడవ కొంది. ఆరుగురు కూర్చోవచ్చు. దాని వెనక తగిలించడానికి ఒక చిన్న మోటారు, పాతిక కిలోలు. నడపడానికి ఆంటో. ఆంటో కాశిమేడు జాలరి, మా పక్క సందు అల్లుడు. వాన పడితే మా వీధికి ఆటో రాదు, ఆంటో వస్తాడు. మోటారును ఒంటిచేత్తో ఎత్తి బిగించి, తాడు ఒక్క లాగు లాగి, పాలప్యాకెట్ల దగ్గర్నుంచి పెళ్లికూతురి దాకా అందర్నీ క్షేమంగా మెయిన్‌రోడ్డు చేర్చేవాడు.

ఇందులో దర్జా ఏముంది చెప్పండి? పని జరిగిపోయేది, అంతే!

ఈ లోటును మొదట గుర్తించినవారు మా సంఘం ప్రెసిడెంటు పరంధామయ్యగారు. ఆయనకి సౌకార్‌పేటలో ఇత్తడి, స్టీలు సామాన్ల హోల్‌సేల్ కొట్టుంది. నలభై ఏళ్లుగా చెంబైనా, గంగాళమైనా చేత్తో ఎత్తి చూసి నాణ్యం చెప్పే మనిషి. "చెయ్యి లాగాలప్పా, అదీ సరుకు!" అన్నది ఆయన సిద్ధాంతం. పాత మోటారు ముసలిదైంది, మార్చేద్దామనుకున్నప్పుడు ఆ సిద్ధాంతంతోనే మోటార్ల షాపుకి వెళ్లారు. మొదటి ఇంజను ఎత్తి చూశారు. లేచింది. మొహం చిట్లించారు. పక్కదాన్ని ఎత్తబోయారు. లేవలేదు. నడుం పట్టేసింది.

"ఇదీ ఇంజనంటే! దీన్నే ప్యాక్ చెయ్యి!" అన్నారు నడుం పట్టుకునే.

ఎనభై అయిదు కిలోలు. బ్యాటరీ వేరే. నలభై హార్స్‌పవర్! మా సందు పొడవు నూట ఇరవై అడుగులు. అంటే మూడడుగులకో గుర్రం! ఏ మహారాజుకి దక్కింది ఈ వైభవం?

ఆయుధపూజ రోజు దానికి విభూతి పెట్టి, సంపంగిమాల వేసి, గుమ్మడికాయ కొట్టాం. ప్యాకింగ్ విప్పే గౌరవం నాకే దక్కింది. అట్టలూ, థర్మోకోలూ వీధిలో ఓ పక్కన పడేసి నేనే మొదటి హారతి ఇచ్చాను. గర్వంగా చెప్పుకుంటున్నాను.

మొదటి వానకే ట్రయల్ వేశాం. ఇంజను బిగించగానే పడవ వెనక భాగం నీళ్లలోకి కూర్చుంది, ముక్కు ఆకాశానికి లేచింది.

"సార్, ఇంజిన్ రొంబ వెయిట్టు సార్. ఈ పడవకి ఇది వద్దు సార్" అన్నాడు ఆంటో.

ఆంటోకేం తెలుసు? పాతికేళ్లుగా సముద్రం మీద బతుకుతున్నవాడు, అంతే కదా! ముక్కు లేస్తే ఎంత లాభమో ఆలోచించాడా? ముందున్న మురుగునీళ్లు కనిపించవు. అందులో తేలివచ్చేవీ కనిపించవు. నీలాకాశం తప్ప మరేం కనిపించని ప్రయాణం చెన్నైలో ఇంకెక్కడ దొరుకుతుంది?

"ముందర ఒక బరువైన మనిషిని కూచోబెడితే సరిపాయె!" అన్నారు పరంధామయ్యగారు. అందరూ నావైపు చూశారు.

పాఠకులారా, నా బరువు తొంభై ఎనిమిది కిలోలు. డాక్టరు తిట్టాడు. మా ఆవిడ వాసంతి మూడేళ్లుగా కొర్రన్నం పెట్టి నన్ను సగానికి సగం చేయాలని చూస్తోంది. ఇన్నాళ్లకి నా శరీరానికి సమాజంలో ఒక స్థానం దొరికింది. సంఘం తీర్మానం కూడా చేసింది: 'వానాకాలం ముగిసేవరకు శ్రీ వెంకట్రామ్‌గారు తొంభై ఆరు కిలోలకు తగ్గరాదు.' స్టాంపు వేసిన ఆ కాగితం వాసంతికి చూపించి నెయ్యి అడిగాను.

"అట్లయితే ఆ సంఘాన్నే వండి పెట్టమను పో!" అంది.

దేశసేవకి ఇంట్లో ఆదరణ ఉండదు.

ఇక పడవలో సీట్ల సంగతి. ఇంజను ఉంది. బ్యాటరీ ఉంది. పెట్రోలు క్యాను ఉంది. ఆంటో ఉన్నాడు. ముందు నేనున్నాను. నిండిపోయింది! ప్రయాణికులుంటేనే కదా పడవలో తోపులాట, గొడవ? ప్రయాణికులు లేని పడవంత ప్రశాంతమైన వాహనం ఏదైనా ఉందా?

మొన్న శుక్రవారం పొద్దున దాకా నేనూ అలాగే అనుకున్నాను.

మా అక్క తాయారు మా ఇంట్లోనే ఉంటుంది. అరవై ఎనిమిదేళ్లు, నలభై రెండు కిలోలు. మంగళవారం, శుక్రవారం డయాలసిస్. ఒక్క పూట తప్పితే కాళ్లు ఉబ్బుతాయి, పడుకుంటే ఊపిరాడదు. శుక్రవారం తెల్లవారేసరికి సందులో రెండడుగుల నీళ్లు. ఎనిమిదింటికి అక్క రిపోర్టుల సంచీ, గొడుగు పట్టుకుని గడపలో నిలబడింది.

పడవ వచ్చింది. ముందు నేనెక్కాను. అక్కని మధ్యలో కూర్చోబెట్టాం. వెనక పలక మీదుగా నీళ్లు మెల్లగా లోపలికి రాసాగాయి. ఆంటో ఇంజను స్టార్ట్ చేశాడు. ఆహా, ఏం గర్జన! నాలుగడుగులు వెళ్లామో లేదో, కింద కర్రుమంది. ఇంజను ఎంత బరువో అంత పొడుగు కూడా. దాని ప్రొపెల్లర్ మా సందులోని స్పీడ్‌బ్రేకరుకి తగిలింది!

పరంధామయ్యగారు మేడమీద గొడుగు కిందనుంచి అంతా చూస్తున్నారు.

"ఏమప్పా ఆంటో, ఆపు ఆపు! రెక్కలు పోతాయి! ఈడ రెండడుగులే ఉండాది. ఇంజనుకి మూడడుగుల నీళ్లు కావాల. ఇంకో అడుగు రానీ, అప్పుడు పోవచ్చు!"

"ఇంకో అడుగొస్తే నేను పైకే పోతాను పరంధామన్నా" అంది అక్క.

ఆ మాట ఆయనకి తగల్లేదు, నాకు తగిలింది. నాకు! వారం వారం ఈ పేజీలో మీ చెవులు కొరికే నాకు!

ఆంటో ఇంజను ఆపాడు. ఇంజను బోల్టులు విప్పాడు. ఇద్దరం మోసుకెళ్లి పరంధామయ్యగారి అరుగు మీద పెట్టాం. "మీ ఇంజిన్ సార్. తడవకుండా చూసుకోండి" అన్నాడు మర్యాదగా. తర్వాత నీళ్లలో దిగి, అతను వెనకనుంచి తోస్తుంటే నేను ముందునుంచి తాడు పట్టుకుని లాగాను. పడవ సమంగా, సుఖంగా తేలింది.

"ఒరే వెంకట్రామా" అంది అక్క గొడుగు కిందనుంచి. "నువ్వు దిగినాక పడవ ఎంత బాగా పోతా ఉండాదో చూడరా."

సందు మొగదాకా వచ్చాక నా కాలు ఏదో మెత్తటిదానిమీద పడి జారింది. అది వాననీళ్ల కాలువ నోరు. ఆంటో భుజం దాకా చెయ్యి పెట్టి వెతికి, ఒక పెద్ద థర్మోకోల్ దిమ్మ బయటికి లాగాడు. దాని మధ్యలో గుంట. ఆ గుంటది అచ్చం మా ఇంజను ఆకారం.

హారతి ఇచ్చే హడావిడిలో దాన్ని పక్కన పడేసింది ఎవరో ఇందాకే చెప్పాను కదా. చెప్పకుండా ఉండాల్సింది.

కాలువ గుడగుడమంది. పావుగంటలో స్పీడ్‌బ్రేకరు కనిపించింది, అరగంటలో రోడ్డంతా కనిపించింది. పడవ రోడ్డు మీద ఆగిపోయింది. అంతలో ఆటో వచ్చింది! ఆటోవాడు పడవలో గొడుగు వేసుకుని కూర్చున్న అక్కను చూసి, "ఎంగమ్మా పోవణుమ్?" అని అడిగాడు. ఎక్కడికో అక్క చెప్పింది. ముప్పావుగంట ఆలస్యంగా చేరినా, నాలుగు గంటల డయాలసిస్ పూర్తిగా జరిగింది. ఆ రాత్రి అక్క వెల్లకిలా పడుకుని గురకపెట్టింది. అంత మంచి చప్పుడు ఆ నలభై గుర్రాలు కూడా చెయ్యలేదు.

ఆదివారం సంఘం అత్యవసర సమావేశం. పరంధామయ్యగారు చాలా బాధలో ఉన్నారు. నీళ్లు ఎవరు తీసేశారు? ఇంజను గతి ఏమిటి? చర్చించి మూడు తీర్మానాలు చేశారు. ఇంజనుకి తగిన పెద్ద పడవ కొనాలి. పడవకి తగినట్టు స్పీడ్‌బ్రేకరు తీసెయ్యాలి. మూడోది, ఇంజనుతో వచ్చిన థర్మోకోల్ కనిపించడం లేదు, ప్యాకింగ్ లేకపోతే వారంటీ చెల్లదంటున్నారు కనుక, అది దొరికినవారు వెంటనే ప్రెసిడెంటుగారికి అప్పగించాలి. దాన్ని ఆయన మునుపు పడి ఉన్న చోటే, వీధిలో, కాలువ పక్కన భద్రపరుస్తారట.

మూడింటికీ నేను చెయ్యెత్తాను. క్రమశిక్షణ గల సభ్యుణ్ణి.

మంగళవారం మళ్లీ వానంటున్నారు. మంగళవారం అక్కకి డయాలసిస్. థర్మోకోల్ మా అటక మీద ఉంది. నేనివ్వను.