ఊపిరిపై ఉన్నతస్థాయి విచారణ

ఆపరేషన్ థియేటర్ తలుపు దాకా వెళ్లిన స్ట్రెచర్ గిరుక్కున వెనక్కి తిరిగింది. దాని మీద నిండు గర్భిణి శ్రీదివ్య.

కారణం, నారాయణగూడలోని ఆ నర్సింగ్‌హోమ్ కొత్తగా కొన్న స్కానింగ్ మిషన్. కడుపులోని బిడ్డ ఊపిరితిత్తుల బొమ్మ చూసి, పుట్టాక శ్వాస సరిగ్గా ఆడుతుందో లేదో అది ముందే చెబుతుంది. ‘ఇవాళ పుడితే ఊపిరికి కష్టం’ అని చెప్పేసింది.

శ్రీదివ్య మామగారు తక్షణమే కారిడార్‌లో విచారణకు ఆదేశించారు. విచారణాధికారిగా తననే నియమించుకున్నారు. ఆయన పేరు ఆ ఇంటి కోడలు ఉచ్చరించదు. గ్యాస్ సిలిండర్ తెచ్చినవాళ్లు అడిగినా ‘పెద్దసారు’ అంటుంది. మర్యాద కొద్దీ మనమూ అలాగే అందాం. సర్వీసంతా ఎన్నో కుంభకోణాలపై విచారణ జరిపి, పెద్దసారు ఒక్క దోషినీ పట్టుకోలేదు. ప్రమోషన్లన్నీ సకాలంలో ఎలా వచ్చాయో పాఠకులకు వేరే చెప్పనక్కర్లేదు.

మొదటి అనుమానితురాలు శ్రీదివ్య తల్లి యశోదమ్మ.

“చెల్లెమ్మా, చిక్కడపల్లిల మీ ఇంట్ల పొద్దుమాపు ఊదు పొగ వేస్తరట?”

“ఊదుకే ఊపిరి ఆగితే మా వాడల ఎవ్వరం మిగలకపోదుము, అన్నయ్యగారూ!”

రెండో అనుమానితుడు పెద్దసారు కొడుకు శ్రీనాథ్. భార్యను ఫ్లైఓవర్ కింది పొగలో స్కూటర్ మీద తిప్పాడన్నది అభియోగం. శ్రీనాథ్ నేరాన్ని మిషన్ మీదికి నెట్టాడు.

“దాని ఆన్సర్ కీ తప్పయి ఉంటది నాన్నా. అభ్యంతరం పెడదాం. రీవాల్యుయేషన్ల రెండు మార్కులు కలిస్తే మనోడు పాసయితడు.”

అశోక్‌నగర్‌లో పోటీ పరీక్షలకు పాఠాలు చెప్పేవాడు మరోలా ఆలోచించలేడు.

డాక్టర్ సుహాసిని తల పట్టుకుంది. “రీవాల్యుయేషన్ ఏంది సార్! బిడ్డల ఏ లోపం లేదు. రెండు వారాలు ఆగితే ఊపిరితిత్తులు తయారైతయి.”

పెద్దసారు లేచి, గొంతు సవరించుకున్నారు.

“ఆగుడా? మే నెలాఖరుకు మూడేళ్లు నిండినోళ్లకే నర్సరీల సీటు! జూన్ల పుడితే ఏడాది లేటు. నర్సరీల పోయిన ఏడాది గ్రూప్ వన్‌ల పోయినట్టే! ఊపిరిదేముంది డాక్టర్ గారూ, పుట్టినంక కోచింగ్ ఇప్పిస్తం!”

కారిడార్‌లోని తండ్రులంతా తలలూపారు. ఒకాయన అది ఏ స్కూలో అడిగి తెలుసుకున్నాడు.

డాక్టరమ్మ శ్రీదివ్య వైపు తిరిగింది. “నొప్పులంటే భయం, ఈ శుక్రవారమే ఆపరేషన్ చెయ్యాలని మీరే మా కౌంటర్ల చెప్పించిన్రట గద?”

శ్రీదివ్య స్ట్రెచర్ మీద లేచి కూర్చుంది. “నేనా? రెండు వారాలేంది మేడం, నెలైనా ఆగుత!”

“మరి మీ పేరు మీద చెప్పిందెవరు?”

పెద్దసారు ఫ్యాను వైపు చూశారు. “అది కుటుంబం సమష్టిగా తీసుకున్న నిర్ణయం. విచారణ ముగిసింది” అని ప్రకటించారు.

శ్రీదివ్య నోరు తెరిచింది. యశోదమ్మ గబుక్కున కూతురి చెయ్యి పట్టుకుంది.

“వద్దు బిడ్డా! మామగారి పేరు తీస్తరా? నలుగురు ఏమనుకుంటరు?”

బిడ్డకు ఊపిరాడదని విన్నప్పుడు తాపీగా చాయ్ తాగిన కారిడార్ మొత్తం ఇప్పుడు ఊపిరి బిగబట్టింది. శ్రీదివ్య మాత్రం ఇద్దరికి సరిపడా గాలి పీల్చుకుంది.

“రాసుకోండి మేడం. విద్యాసాగర్!”