నాలుగో ప్రశ్నకి పదిహేడు తప్పు జవాబులు

ఏ మనిషైనా తన సొంత ఊరి గురించి నోరు విప్పే ముందు, ఆ ఊరికి ఎన్నడూ రానివారు ఆంగ్లంలో రాసిన పేరా ఒకటి చదివి, దాని కింది ప్రశ్నలకు జవాబులు రాసి, పాసై ఉండాలి. నాగరికతకు ఇదే పునాది. రాజధాని సువాలోని పర్యాటక భాషా అర్హతా విభాగం ఈ సంగతి కనిపెట్టేదాకా మా కందావు దీవి పడవవాళ్ళు యాత్రికుల్ని ఎక్కించుకుని, నవ్వుతూ పలకరించి, ఎవరినీ ముంచకుండా ఒడ్డున దింపేవారు. ఎంత అరాచకంలో బతికామో ఇప్పుడు తలుచుకుంటే ఆశ్చర్యంగా ఉంటుంది.

కొత్త నిబంధన ప్రకారం యాత్రికుల్ని తిప్పే ప్రతివాడికీ ఆంగ్ల వ్యాకరణ పట్టా ఉండాలి. ఆ వ్యాకరణాన్ని ప్రయాణ వ్యాసాల్లోంచే, ఒక్కో క్రియ కిందా గీత గీసుకుంటూ నేర్చుకోవాలి. తప్పినవాళ్ళు సువాలో ఆర్నెల్లు ఉండి శిక్షణ పొందాలి. భార్యని వెంట తీసుకెళ్ళకూడదు (భార్యాభర్తలు ఒకచోట ఉంటే సొంత భాషలో మాట్లాడుకునే ప్రమాదం ఉందని విభాగం గుర్తించింది).

మా పెళ్ళయి పదకొండు వారాలైంది. మా ఆయన ఇసిరేలి పడవ నడుపుతాడు. చొక్కా డీజిల్ వాసన, మెడ కొబ్బరినూనె వాసన. ఆ రెండూ కలిస్తే ఎలా ఉంటుందో చెప్పే విశేషణం విభాగం వారి వ్యాసాల్లో ఎక్కడా లేదు. నేను వెతికాను. ఆర్నెల్ల మాట వినగానే, ఊళ్ళో డిగ్రీ చదివినదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి, చర్చి హాల్లో పాఠాలు మొదలుపెట్టాను. పదిహేడు మంది పడవవాళ్ళు చాపల మీద కూర్చున్నారు. అందరికంటే ముందు మా ఆయన. క్రియల కింద గీతలు పడవ తాడంత తిన్నగా గీసేవాడు. నేను ఆ గీతల్ని అవసరానికి మించి దిద్దేదాన్ని.

చదువు బాగానే సాగింది, కొంచెం నెమ్మదిగా. "యాత్రికుడు రెండు గంటలుగా నడుస్తూ ఉన్నాడు" అనే వాక్యం దగ్గర వారం ఆగాం. అది ఏ కాలమో అందరూ వెంటనే చెప్పారు. అయితే రెండు గంటలు నడిచేదాకా దారిలో ఒక్క ఇంటివాళ్ళూ భోజనానికి పిలవలేదా అన్నది తేలలేదు. "మేము స్వాగతించబడ్డాము" అని ఇంకో వాక్యం. కర్మణి ప్రయోగంలో కర్త కనిపించకపోవచ్చని నేను చెప్పాను. కనిపించకపోతే ఎలా, పలకరించినవాళ్ళ పేరు చెప్పకపోతే వాళ్ళు నొచ్చుకోరా అని మా మేనమామ కొడుకు ఎరోనీ బావ పట్టుబట్టాడు. చివరికి ఆ కర్త, ఒడ్డున అందరినీ పలకరించే మా లోసలిని అత్తే అయి ఉంటుందని సభ తీర్మానించింది. కబురు విని ఆవిడ చాలా సంతోషించింది.

"పాఠంలో ఉన్నదే రాయాలి, లేనిది రాయకూడదు" అని రోజూ వాళ్ళ చేత అనిపించేదాన్ని. అందరూ చర్చిలో ప్రార్థనలా అనేవారు.

పరీక్షలో వచ్చిన వ్యాసం మా ఊరి గురించే. (రాసినవారు మా దీవిని విమానం కిటికీలోంచి చూశారట. ఆ రోజు మబ్బు పట్టిందట కూడా.) అందులో యాత్రికుడు పడవ దిగుతాడు, కొబ్బరిచెట్ల మధ్య నడుస్తాడు, టోపీతో తిన్నగా ఊరి నడుమకు వెళ్ళి ఫొటో తీస్తాడు. నాలుగో ప్రశ్న: ఊరు చేరిన వెంటనే యాత్రికుడు మొదట ఏం చేశాడు? ఇది తప్పనిసరి ప్రశ్న. ఇది తప్పితే మిగతావన్నీ ఒప్పయినా తప్పే.

పదిహేడు మందీ ఒకే జవాబు రాశారు: టోపీ తీసి, నూరి తాగే యంగోనా వేళ్ళ కట్ట కానుకగా పట్టుకుని, ఊరిపెద్ద ఇంటికి వెళ్ళి అనుమతి అడిగాడు.

ఫలితాలతో పాటే ఉత్తరం వచ్చింది. పదిహేడు మంది, ఒకే తప్పు. కనుక కాపీ. విచారణలో రుజువైతే ఆర్నెల్లు కాదు, రెండేళ్ళు.

నేను మా ఆయన్ని నిలదీశాను. అసలు జవాబు తెలియదా అని అడిగాను.

"తెలుసు," అన్నాడు తల దించుకుని. "ఫొటో తీశాడు. కానీ ఊరికొచ్చిన అతిథి గురించి అలా ఎలా రాయను వాసితీ? అదీ పెన్నుతో."

"పంతులమ్మా, నీ మొగుణ్ణి వదిలెయ్," అన్నాడు ఎరోనీ బావ, వల బాగుచేసుకుంటూ. "ఆ యాత్రికుడి పరువు మనం కాపాడకపోతే ఎవరు కాపాడతారు? వాళ్ళమ్మ చదివితే ఏమనుకుంటుంది?"

"ఆయన పరువు నిలబడింది బావా. నా కాపురమే సువా పోతోంది."

"పోతే పోనీ. వాడు లేని రెండేళ్ళూ మీ ఇంట్లో చేపలు నేనే తింటాను."

విచారణాధికారి శ్రీ కినివిలియామే మా ఆయన పడవలోనే వచ్చారు (ఆ రోజు వేరే పడవ దొరకలేదు). ఒడ్డు చేరగానే టోపీ తీశారు. చంకలో పేపరు చుట్టిన యంగోనా కట్ట. తిన్నగా ఊరిపెద్ద ఇంటికి వెళ్ళి, చాప మీద కూర్చుని, అనుమతి అడిగి, ఆచారం ప్రకారం చప్పట్లు కొట్టి, ఏడు కొబ్బరిచిప్పల యంగోనా తాగారు. మూడు గంటలు పట్టింది. తర్వాత చర్చి హాలుకి వచ్చి, అందరినీ కూర్చోబెట్టి, నివేదిక రాయడం మొదలుపెట్టారు. రాస్తూ పైకి చదివారు. "పది గంటలకు గ్రామము చేరితిని. వెంటనే విచారణ ప్రారంభించితిని."

గోడ మీద గడియారం ఒంటిగంట దాటింది.

"సార్, ఊరిపెద్ద ఇంటికి వెళ్ళిన సంగతి రాయలేదు," అన్నాను.

ఆయన నావైపు చిన్నపిల్లని చూసినట్టు చూశారు. "అది కూడా రాయాలా అమ్మా? ఊరికొచ్చినవాడు ముందు అక్కడికి కాక ఇంకెక్కడికి వెళ్తాడు?"

ఎరోనీ బావ చాలాసేపు దగ్గాడు. మా ఆయన చాప అల్లిక పరిశీలించాడు. శ్రీ కినివిలియామే పెన్ను ఆగింది. సంచీలోంచి ప్రశ్నపత్రం తీసి నాలుగో ప్రశ్న రెండుసార్లు చదివి, మంచినీళ్ళు అడిగారు.

రెండు వారాలకు తీర్పు వచ్చింది. కాపీ జరగలేదు. జరిగినది అంతకంటే తీవ్రమైన 'ముందస్తు పరిజ్ఞానం', అంటే పాఠం చదవక ముందే విషయం తెలిసి ఉండటం. శిక్షగా ఎవరికీ తెలియని చోటు గురించి మళ్ళీ పరీక్ష. ఈసారి మంచు కురిసే ఒక రైల్వేస్టేషను. నాలుగో ప్రశ్న: యాత్రికుణ్ణి ఎవరు పలకరించారు? ఎవరూ పలకరించలేదని పదిహేడు మందీ రాసి, నూటికి నూరు తెచ్చుకున్నారు. ఆ రోజు మా ఆయన సరిగ్గా అన్నం తినలేదు.

పట్టా అందింది. అట్ట దళసరిగా ఉంది, గోడకి తగిలించాం. కింద చిన్న అక్షరాల్లో ఒక షరతు: ముందస్తు పరిజ్ఞానం కారణంగా ఇది స్వగ్రామంలో చెల్లదు.

అందుచేత మా ఆయన యాత్రికుల్ని పగడపు దిబ్బ దాకా మాత్రమే తెస్తాడు. అక్కడి నుంచి ఒడ్డుకి పడవ నడపడానికి, మా ఊరి వ్యాసం మీద ఫొటో అని రాసి పాసైన ఒకాయన్ని సువా నుంచి నియమించారు. ఆయనకి దారి తెలియదు. కనుక మా ఆయన పక్కన కూర్చుని చెయ్యి చూపిస్తాడు. ఆ కాసేపూ విభాగం రికార్డుల్లో మా ఆయన హోదా 'యాత్రికుడు'.

అలా రోజూ సాయంత్రం నాలుగున్నరకి ఒక యాత్రికుడు మా ఊరు చేరతాడు. ఆ డీజిల్, కొబ్బరినూనె వాసన కోసం నేను గుమ్మంలో నిలబడి ఉంటాను. ఊరు చేరిన వెంటనే ఆయన మొదట ఏం చేస్తాడో నాకు బాగా తెలుసు. రాస్తే సున్నా వస్తుంది.