బ్యాంకు మెట్లూ, పిన్ని మోకాళ్ళూ

వయసు మీరేకొద్దీ గౌరవం పెరిగేది ఈ లోకంలో భవనాలకు మాత్రమేనని ఇందుమూలంగా ప్రకటిస్తున్నాను. మనుషులకు పెరిగేవి బీపీ, షుగరు.

మా నడిబజారులోని పాత బ్యాంకు భవనాన్ని ఈమధ్య వారసత్వ కట్టడంగా గుర్తించారు. నాలుగు లావుపాటి స్తంభాలు, ఎవరూ తలెత్తి చూడని గడియారం, వీధిలోంచి నిటారుగా లేచిన రాతి మెట్లు. (అప్పు అడగడానికి వచ్చేవాడు సగంలోనే మనసు మార్చుకోవాలని కట్టించినవారి ఉద్దేశం కాబోలు.) గుర్తించిన మర్నాడే వారసత్వ పరిరక్షణ సంఘం తరఫున ఒక అధికారి వచ్చి లోపల గది తీసుకుని కూర్చున్నాడు. అసలు భాగాలేవీ మార్చరాదు, కొత్తవేవీ చేర్చరాదు అన్నది ఆయన నియమం. అప్పటినుంచి కారే కుళాయి కారుతూనే ఉంది. గోడమీది చెమ్మ మరకకు అద్దం బిగించారు. క్యూ కూడా అసలు భాగమేనని తేలడంతో, దాన్ని తగ్గించే ప్రయత్నాన్ని మేనేజరుగారు విరమించుకున్నారు. (పెద్దగా బాధపడినట్టు కనిపించలేదు.)

చిక్కల్లా మా పిన్నితో వచ్చింది.

పిన్ని జీవితమంతా కుట్టుమిషను తొక్కింది. మిషను నిక్షేపంలా ఉంది, మోకాళ్ళే అరిగిపోయాయి. రెండూ మార్చాల్సిందేనన్నాడు డాక్టరు. ఆపరేషను ఖర్చుకు పనికొచ్చేవి పిన్ని బంగారు గాజులు. గాజులు బ్యాంకు లాకరులో ఉన్నాయి. లాకరు తెరవాలంటే మనిషే స్వయంగా రావాలి, రావాలంటే మెట్లెక్కాలి, మెట్లెక్కాలంటే మోకాళ్ళు కావాలి.

పిన్నిని మెట్ల కింద కుర్చీలో కూర్చోబెట్టి, అధికారిగారిని గుమ్మం దాకా పిలుచుకొచ్చాను.

"నేను ఎత్తుకుని తీసుకొస్తానండీ" అన్నాను.

"ఈ మెట్ల మీద బరువులు మోయకూడదండీ."

"బరువేంటయ్యా బరువు! చిక్కి సగమైపోతేనూ!" అని కింద నుంచి పిన్ని కేకేసింది.

"పోనీ, ఓ పక్కగా చెక్క ర్యాంపు వేయించండి."

"ముఖద్వారం అందం చెడుతుంది. ఫొటోల్లో పడుతుంది కూడా."

"ఇప్పుడు మా పిన్ని పడటం లేదా ఫొటోల్లో?"

"ఆవిడ తాత్కాలికం" అన్నాడాయన, ఎంతో మర్యాదగా.

నాకు ఒళ్ళు మండిపోయింది. పిన్ని మాత్రం పకపకా నవ్వింది. ఆ నవ్వు చూస్తే ఇంకా మండింది.

ఇంతలో వారసత్వ కట్టడంగా ప్రారంభోత్సవం దగ్గరపడి శిలాఫలకం వచ్చింది. "ఈ భవనం ప్రజలందరిదీ" అని చెక్కిన పాలరాయి. కూలీలు మెట్లెక్కించలేక చతికిలబడ్డారు. మధ్యాహ్నానికల్లా చెక్క ర్యాంపు తయారైపోయింది. సంగతి తెలిసి పిన్ని ఉన్నపళంగా కుర్చీ మోయించుకుని బయల్దేరింది. అధికారి అడ్డొచ్చాడు.

"వారసత్వానికి సంబంధించినవి తప్ప దీనిమీద ఎక్కకూడదమ్మా."

"నేనూ పాతదాన్నే కదా నాయనా! మా అమ్మ నన్ను చంకనేసుకుని తెచ్చేది ఇక్కడికి. నీ రాయి నిన్నగాక మొన్న వచ్చింది."

ఇది ఆలోచించాల్సిన విషయమేనని ఆయన ఒప్పుకున్నాడు. (చెడ్డవాడేం కాదు. చెడ్డవాడైతే చేతిలో ఏదో పెట్టి ఎప్పుడో పని కానిచ్చేవాళ్ళం.) నిబంధనల పుస్తకం తిరగేస్తే, కట్టడంతో తరాల అనుబంధం ఉన్న మనిషిని 'సజీవ వారసత్వం'గా గుర్తించవచ్చని ఉంది. ర్యాంపు పక్కనే తనిఖీ మొదలైంది.

"ఎప్పుడైనా మరమ్మతులు జరిగాయా అమ్మా?"

"రెండు పళ్ళు ఊడాయి. కట్టించుకోలేదు."

"మంచి పని చేశారు. అది సహజ శైథిల్యం కిందికి వస్తుంది. మోకాళ్ళు?"

"పుట్టినప్పటివే. అందుకేగా ఈ తిప్పలన్నీ!"

"ఒరిజినల్" అని ఆయన భక్తిగా రాసుకున్నాడు.

పిన్నిని కుర్చీతో సహా, గొడుగు పట్టి మరీ, రాయికంటే ముందు ర్యాంపు ఎక్కించారు. మేనేజరుగారు లేచి నిలబడ్డారు. (మా పిన్ని ఖాతాలో ఎంతుందో తెలిసిన మనిషి!) పిన్ని గాజులు తీసుకుని దిగింది. ఆ వెనకే రాయి ఎక్కింది, ర్యాంపు విప్పేశారు.

గాజులు అమ్మాం. ఆసుపత్రిలో మంచం దొరికింది. ఆపరేషను రోజు పొద్దున్నే పిన్ని, "ఒరేయ్, నడక వచ్చాక నన్నెవరూ పట్టుకోకండిరా. ఒక్కదాన్నే బజారంతా తిరిగొస్తా" అంది. చిన్నపిల్లలా అడుగుతుంటే సరేనని చేతిలో చెయ్యేశాను.

అంతలో అధికారిగారు వచ్చారు, చేతిలో పళ్ళ సంచీతో. పిన్నిని పలకరించి, డాక్టరు వైపు తిరిగారు.

"అసలు భాగాలు తీసి కొత్తవి పెట్టడం కుదరదండీ. ఈవిడ రక్షిత వారసత్వం."

"ఆవిడ అడుగు వెయ్యలేకపోతోందండీ!" అన్నాడు డాక్టరు.

"మా బ్యాంకు భవనం మాత్రం వేస్తుందా? ఎంత హుందాగా ఉందో చూడండి."

డాక్టరు ఆయన తెచ్చిన ఉత్తర్వు రెండుసార్లు చదివి, చేతి తొడుగులు విప్పేశాడు. పిన్ని దుప్పటి మీంచి మోకాళ్ళు తడుముకుంది.

"మరి ఈ నొప్పికి ఏం చెయ్యమంటావు నాయనా?"

ఆయన నిబంధనల పుస్తకం మొదటినుంచి చివరిదాకా ఓపిగ్గా తిరగేశాడు.

"నొప్పికి నిబంధన లేదమ్మా. పగుళ్ళొస్తే చెప్పండి, సున్నం కొట్టిస్తాం."